తాగిన తరువాత వేసుకునే మాత్ర పిండం గుండెను కాపాడుతుందా?

సుజాత, మారతహళ్ళి:
అందరికీ నమస్కారం. బెంగళూరులోని మా తెలుగు మహిళల వాట్సాప్ బృందంలో ఒక సందేశం తిరుగుతోంది. గర్భం వచ్చిన సంగతి తెలియక విందులో మద్యం తీసుకున్నవారు ఆ తరువాత ఫోలిక్ యాసిడ్, బీటైన్ (ఆహారంలోనూ దొరికే ఒక పోషకం) మాత్రలు వేసుకుంటే బిడ్డ గుండెకు ఏ లోపమూ రాదని అందులో ఉంది. దీనిని పదిమందికి పంపవచ్చునా?

రఘునందన్, జయనగర్:
పంపవచ్చుననే నా అభిప్రాయం, ఎందుకంటే ఇది గాలి మాట కాదు. అమెరికాలో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మద్యం ప్రభావానికి గురైన కౌజు పిట్టల పిండాలకు బీటైన్‌ను, మరో ప్రయోగంలో కణాలను కాపాడే పదార్థమైన గ్లూటాథయోన్‌ను అందించినప్పుడు గుండె లోపాలు తగ్గాయి. చిట్టెలుకల్లో అధిక మోతాదు ఫోలేట్‌తోనూ (ఫోలిక్ యాసిడ్ దీని మాత్రల రూపం) ఇటువంటి ఫలితమే వచ్చింది. మద్యం శరీరంలో ఫోలేట్ శోషణను దెబ్బతీస్తుంది. ఫోలేట్, బీటైన్‌ల ద్వారా అందే మిథైల్ సమూహాలు (జన్యువులకు అతుక్కుని వాటి పనిని నియంత్రించే చిన్న రసాయన గుర్తులు) తగ్గితే పిండంలో ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో, ఎప్పుడు ఆగాలో ఆ క్రమం చెదురుతుంది. కనుక కొరతపడినదాన్ని నింపమనడం సబబే. పైగా భయంతో కుమిలిపోయే తల్లికి కొంత ధైర్యం.

విజయలక్ష్మి, మల్లేశ్వరం:
రఘునందన్ గారూ, ఆ ప్రయోగాలు నిజమే. కానీ వాటిలో పోషకం మద్యంతోపాటుగానో, అంతకు ముందునుంచో అందింది. ఈ సందేశమేమో తాగిన కొన్ని వారాల తరువాత వేసుకునే మాత్ర గురించి చెబుతోంది. ఫలదీకరణ జరిగిన మూడో వారంలోనే గుండె గొట్టం ఏర్పడి, ఇంచుమించు 22వ రోజుకు కొట్టుకోవడం మొదలవుతుంది, ఎనిమిదో వారం ముగిసేసరికి నాలుగు గదుల మధ్య గోడలు దాదాపు పూర్తవుతాయి. నెల తప్పి, కొన్నాళ్ళు ఎదురుచూసి, ఇంట్లో పరీక్ష చేసుకుని, డాక్టరమ్మను కలిసేసరికి ఆ నిర్మాణంలో చాలా భాగం జరిగిపోయి ఉంటుంది.

ఫోలిక్ యాసిడ్ విలువను నేను కాదనడం లేదు. మెదడు, వెన్నుపాము లోపమున్న బిడ్డను ఒకసారి కన్న తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ ఆధ్వర్యంలో జరిగిన పరీక్ష తేల్చింది. కెనడాలో 1998 నుంచి పిండిలో తప్పనిసరిగా ఫోలిక్ యాసిడ్ కలపసాగాక, క్విబెక్‌లో తీవ్రమైన గుండె లోపాలతో పుట్టే పిల్లల నిష్పత్తి ఏటా సుమారు 6 శాతం చొప్పున తగ్గింది. అయితే ఇవేవీ మద్యానికి విరుగుడును పరీక్షించినవి కావు. దక్షిణాఫ్రికాలో మద్యం తాగిన గర్భిణులకు కోలిన్ అనే పోషకం ఇచ్చి చూసినప్పుడు పిల్లల ఎదుగుదలలో, నేర్చుకునే శక్తిలో మేలు కనిపించింది; అది గుండె ఏర్పడిపోయాక, గర్భం మధ్యకాలంలో మొదలుపెట్టిన చికిత్స.

మాత్రలు ఎన్నైనా హానిలేనివనుకోవడమూ సరికాదు. విటమిన్ ఏ మితిమీరితే అదే పిండానికి చేటు చేస్తుంది.

రఘునందన్, జయనగర్:
అంగీకరిస్తాను. మరి ఇప్పటికే తాగినవారికి ఏమని చెప్పాలి? ఏ మాత్రా కాపాడదంటే గర్భం తీయించుకునే ఆలోచన వరకు వెళ్ళేవారున్నారండీ.

విజయలక్ష్మి, మల్లేశ్వరం:
వారికి తప్పక ధైర్యం చెప్పాలి, కానీ అది నిజమైన ధైర్యం కావాలి. మద్యం తగిలిన ప్రతి పిండానికీ గుండె లోపం రాదు. ఈరోజే మానేయడం వల్ల ఇంకా ఎదుగుతూ ఉండే మెదడుకు మేలు జరుగుతుంది. తాగిన సంగతి దాచకుండా డాక్టరుతో చెబితే 18 నుంచి 22 వారాల మధ్య స్కానింగ్‌లో గుండెను ప్రత్యేకంగా చూడమని రాస్తారు. అంతకుముందే తొందరపడి గర్భం గురించి నిర్ణయం తీసుకోవద్దు.

సుజాత గారూ, సందేశంలోంచి ఫోలిక్ యాసిడ్‌ను తీసేయకండి, దాని చోటు మార్చండి. పిల్లలు కావాలనుకునేవారు గర్భం రావడానికి కనీసం నెల ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలని, మద్యం కూడా అప్పటినుంచే మానాలని, లోగడ మెదడు, వెన్నుపాము లోపమున్న బిడ్డ పుట్టినవారు మోతాదు డాక్టరును అడగాలని రాసి పంపండి. బీటైన్ పేరు మాత్రం వద్దు.