ఒలింపస్ ఎక్కడానికి మహేంద్రగిరి అనుభవం సరిపోతుందా?

ప్రశ్న (పలాస నుంచి):
అందరికీ నమస్కారం. శివరాత్రికి మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కడం మా ఇంట్లో తాతల నాటి నుంచి ఉన్న ఆనవాయితీ. 1,501 మీటర్ల ఆ కొండ మీద భీముడి గుడినీ కుంతి గుడినీ దర్శించుకుంటూ, పరశురాముడు తపస్సు చేసిన చోటు ఇదేనని పెద్దలు చెప్పగా వింటూ పెరిగాను. ఈ సెప్టెంబరులో గ్రీసు వెళుతున్నాను. జ్యూస్ మొదలైన దేవతలు కొలువుండేవారని గ్రీకులు నమ్మిన ఒలింపస్‌ను, వీలైతే దాని కొసన ఉన్న మితికాస్ శిఖరాన్ని ఎక్కాలని నా కోరిక. నడక తప్ప వేరే విద్య తెలియని నాకు అది సాధ్యమేనా?

జవాబు (బొబ్బిలి నుంచి):
నేను వెళ్లివచ్చాను కనుక చెబుతున్నానండి. లిటోహోరో ఊరి నుంచి వాహనంలో ప్రియోనియా చేరితే, 1,100 మీటర్ల ఎత్తున నడక మొదలవుతుంది. అక్కడి నుంచి చెట్ల నీడన మూడు గంటలు ఎక్కితే 2,100 మీటర్ల వద్ద బస దొరుకుతుంది. అంతవరకు మీకు ఏ ఇబ్బందీ ఉండదు. మర్నాడు స్కాలా శిఖరం దాకా కూడా నడకే, కాకపోతే చెట్టూ నీడా ఉండవు.

అసలు పరీక్ష ఆ తరువాతే. స్కాలా నుంచి మితికాస్‌కు వెళ్లే దారిని కాకీ స్కాలా, అంటే చెడ్డ మెట్లు, అంటారు. ముందు కొంత దిగి, తరువాత రాతిని చేతులతో పట్టుకుని పాకాలి. నేను పట్టు కోసం చెయ్యి వేసిన రాయి ఒకటి పిడికిట్లోకి ఊడి వచ్చింది. నా కాలి కింద నుంచి జారిన గులకల చప్పుడు లోయలో చాలాసేపు వినిపించింది. అక్కడితో వెనుదిరిగి స్కోలియో అనే మరో శిఖరానికి వెళ్లాను. మితికాస్ కంటే అది పది మీటర్లలోపే తక్కువ, పాకవలసిన పని లేదు. మీకూ అదే చాలునని నా అభిప్రాయం. మితికాసే కావాలంటే హెల్మెట్ పెట్టుకుని, దారి తెలిసిన మనిషితోనే వెళ్లండి.

జవాబు (విజయనగరం నుంచి):
వాతావరణం సంగతి కూడా మరువకండి. వేసవిలో మధ్యాహ్నానికల్లా మబ్బు కమ్మి పిడుగులు పడడం అక్కడ మామూలే; పిడుగే ఆయుధంగా గల దేవుడిని గ్రీకులు ఆ కొండ మీద కూర్చోబెట్టడంలో వింతేమీ లేదు. జ్యూస్ అన్న పేరూ, మన వేదంలోని ద్యౌః అన్న పేరూ ఒకే ధాతువు నుంచి పుట్టినవే. 1913 ఆగస్టులో లిటోహోరో వేటగాడు హ్రిస్తోస్ కాకాలోస్, ఇద్దరు స్విస్ యాత్రికులతో కలిసి తొలిసారి మితికాస్ చేరాడు. వాళ్లు సైతం పొగమంచులో ముందు వేరొక శిఖరమెక్కి, అదే అన్నిటికన్నా ఎత్తయిన శిఖరమని పొరపడ్డారు. మంచు విడిపోయాక అంతకన్నా ఎత్తయినది ఎదురుగా కనిపించింది. అందువల్ల తెల్లవారుజామునే బయలుదేరి, మబ్బు పట్టకముందే దిగిపోయేలా చూసుకోండి.

పలాస నుంచి:
ఇద్దరికీ ధన్యవాదాలండి. స్కోలియోకే వెళతాను. బసలో పడక ఇప్పుడే చెప్పి ఉంచుకోవాలా?

బొబ్బిలి నుంచి:
తప్పకుండా, ఈ వారమే చెప్పి ఉంచండి.