2147483647 ప్రైమే కదా, నా ప్రోగ్రామ్ కాదంటోందేంటి?

హన్మకొండ, బీఎస్సీ స్టూడెంట్:
ల్యాబ్ రికార్డు కోసం జావాలో ప్రైమ్ చెక్ చేసే ప్రోగ్రామ్ రాశాను. చెక్ చేయాల్సిన సంఖ్య ఎన్. ఐ 2 నుంచి మొదలై, 'ఐ × ఐ <= ఎన్' ఉన్నంతసేపు భాగించి చూస్తుంది. 2 నుంచి 100 దాకా అన్నీ కరెక్ట్. మా సార్ 2147483647 ఇచ్చి చూడమన్నారు. కొన్ని సెకన్లు ఆగి 'ప్రైమ్ కాదు' అంది. సార్ నవ్వి, ఎందుకో కనుక్కుని రమ్మన్నారు. రేపే వైవా, టెన్షన్‌గా ఉంది.

కాజీపేట:
జావా తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యి తమ్మీ.

హన్మకొండ:
చేసిన అన్నా. గదే జవాబు.

కరీంనగర్, రిటైర్డ్ లెక్చరర్:
జావాను ఏమీ అనకు బాబూ. వేరియబుల్స్ ఇంట్ (జావాలో మామూలు పూర్ణసంఖ్యల రకం) పెట్టి ఉంటావు. ఇంట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య నువ్వు ఇచ్చిందే, 2 పవర్ 31 మైనస్ 1. దాని వర్గమూలం 46341కి కాస్త తక్కువ, కాబట్టి ఐ 46341 కాగానే లూప్ ఆగాలి. కానీ 46341 వర్గం 2147488281. అది ఇంట్‌లో పట్టదు. పాత స్కూటర్ మీటర్ నిండి మళ్లీ మొదటికొచ్చినట్టు తిరిగి −2147479015 అయి కూర్చుంటుంది. మైనస్ సంఖ్య ఎన్ కంటే చిన్నదే కదా, లూప్ సాగుతూనే ఉంటుంది. చివరికి ఐ కూడా 2147483647 అయ్యి, ఆ సంఖ్యను అదే సంఖ్యతో భాగించి, శేషం సున్నా వచ్చిందని 'ప్రైమ్ కాదు' అంటుంది. నీ సెకన్లన్నీ అక్కడే పోయాయి.

కండిషన్‌ను 'ఐ <= ఎన్ / ఐ' అని మార్చు.

హన్మకొండ:
ఎంటర్ కొట్టగానే ప్రైమ్ అని వచ్చింది సార్! మరి కంప్యూటర్లు లేనప్పుడు ఇది ప్రైమ్ అని ఎలా తేల్చారని అడిగితే?

కరీంనగర్, రిటైర్డ్ లెక్చరర్:
1772లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ తేల్చాడు. దీన్ని భాగించే ప్రైమ్ ఏదైనా ఉంటే, దాన్ని 62తో భాగించినప్పుడు శేషం 1 రావాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ రావాలి. రెండూ కలిపితే, 248తో శేషం 1 లేదా 63. అలాంటివి 46340 లోపు 373 సంఖ్యలే. వాటిలోనూ ప్రైమ్స్‌తో భాగించి చూస్తే చాలు. ఏదీ భాగించలేదు.

చిన్నదాని మీద చేసి చూడు. 2 పవర్ 11 మైనస్ 1 అంటే 2047. ఇక్కడ 62 (31 × 2) బదులు 22 (11 × 2). మొదట తగిలేది 23, అదే భాగించేస్తుంది: 23 × 89. పవర్‌లో ప్రైమ్ ఉంటే జవాబూ ప్రైమే అనుకుని వైవాలో చాలామంది జారేది ఇక్కడే.

మంచిర్యాల:
2024లో దొరికిన 2 పవర్ 136279841 మైనస్ 1 కూడా ఇట్లనే చూశారా సార్? 4 కోట్ల అంకెలు దాటినయి కదా.

కరీంనగర్, రిటైర్డ్ లెక్చరర్:
అంత పెద్దదానికి ఈ భాగహారం ఎక్కడ సరిపోతుంది? లూకాస్–లెహ్మర్ పరీక్ష వేరే ఉంది. 127, అంటే 2 పవర్ 7 మైనస్ 1 తీసుకో. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి, 2 తీసేసి, 127తో శేషం రాసుకుంటూ పో: 4, 14, 67, 42, 111, 0. పవర్ కంటే రెండు తక్కువ, అంటే అయిదు మెట్లకు సున్నా వచ్చింది, కాబట్టి ప్రైమ్.

హన్మకొండా, ఇంతకీ నీ ప్రోగ్రామ్‌కు 1 ఇచ్చి చూశావా?

హన్మకొండ:
అది కూడా ప్రైమే అంటోంది సార్.