సెకండ్ హ్యాండ్ పిస్టల్: మాన్యువల్ సేఫ్టీ ఉన్నది తీసుకోవాలా, డీకాకర్ ఉన్నదా, రెండూ లేనిదా?

కొత్తచెయ్యి

లైసెన్స్ వచ్చింది, ఇక 9 ఎంఎం పిస్టల్ ఒకటి చూసుకోవాలి. కొత్తది కాదు, సెకండ్ హ్యాండే. రేంజ్‌లో కాల్చడానికే, మిగతా టైమంతా లాకర్లో ఉంటుంది, నడుముకి పెట్టుకుని తిరిగే ఉద్దేశం లేదు. తెలిసినవాళ్లని అడిగితే తలా ఒకటి చెప్తున్నారు. గ్లాక్ 17 తీసుకుని ప్రశాంతంగా ఉండమంటాడు ఒకాయన, కానీ దానికి బొటనవేలితో వేసే సేఫ్టీయే లేదని చూశాక నాకు ప్రశాంతత ఎక్కడ. ఇంకొకాయన సీజెడ్ 75 బీ అంటాడు, మరొకాయన బెరెట్టా 92ఎఫ్ఎస్. సిగ్ పీ226 ఒకటి చూశాను, దానికీ సేఫ్టీ లేదు, హ్యామర్‌ని (వెనకుండే సుత్తిని) కాల్చకుండా దించే మీట, అదే డీకాకర్, మాత్రం ఉంది.

ఇంకో సంగతి. చూసినవాటిలో ఒక సీజెడ్ ట్రిగ్గర్ అలా వేలు ఆనిస్తే ఇలా పడిపోతోంది, కొన్నాక స్పెషల్‌గా చేయించానని అమ్మే ఆయన గొప్పగా చెప్పాడు. ఇది ప్లస్సా, మైనస్సా?

పాతఇనుము

ముందు ఆఖరి ప్రశ్న సంగతి. మైనస్. ఎవరు చేశారో, ఏం మార్చారో కాగితం ఉంటే తప్ప పెద్ద మైనస్. హ్యామర్‌ని వెనక్కి లాగినప్పుడు దాన్ని ఆపి ఉంచేది సియర్ అంచు, ఆ రెండు భాగాలూ ఒకదానికొకటి ఆనుకునే మేర చాలా చిన్నది. ట్రిగ్గర్ తేలిక చేస్తామని ఆ అంచుని ఎక్కువ రుద్దినా, స్ప్రింగులు మరీ మెత్తవి వేసినా కాల్చడానికి హాయిగానే ఉంటుంది, ఒకరోజు ట్రిగ్గర్ ముట్టకుండానే హ్యామర్ జారే వరకు.

చూడటానికి పెద్ద సామాను అక్కర్లేదు. మ్యాగజైన్ తీసెయ్, స్లైడ్ (వెనక్కి జరిగే పైభాగం) లాగి చాంబర్ (గుండు కూర్చునే చోటు) కంటితో చూడు, చిటికెనవేలు పెట్టి కూడా చూడు, తుపాకీ ఎప్పుడూ గుండు తగిలినా పర్వాలేని వైపే ఉండాలి. ఇప్పుడు హ్యామర్ ఎక్కుపెట్టి, ట్రిగ్గర్ ముట్టకుండా, హ్యామర్ వెనక నుంచి బొటనవేలితో ముందుకి గట్టిగా నెట్టు. పడకూడదు. పడిందంటే ఇంక బేరం అక్కర్లేదు, లేచి వచ్చెయ్. తర్వాత ఎక్కుపెట్టిన హ్యామర్ మీద సేఫ్టీ వేసి ట్రిగ్గర్‌ని బలంగా నొక్కి వదులు, అప్పుడు సేఫ్టీ తీయి. తీసిన క్షణాన హ్యామర్ పడినా ఫెయిలే. పడకపోయినా ఆగు, చెవి దగ్గర పెట్టుకుని హ్యామర్‌ని ఇంకాస్త వెనక్కి మెల్లగా లాగు. సన్నగా 'టిక్' అని వినిపిస్తే, సేఫ్టీ వేసి ఉండగానే సియర్ కొంచెం కదిలిందని, ఇప్పుడు మళ్లీ తన చోటికి వచ్చిందని అర్థం. 1911 మోడల్ పిస్టల్ చూసేవాళ్లు ముందు చేసే పరీక్ష ఇదే, సీజెడ్‌కీ పనికొస్తుంది.

చాంబర్ ఖాళీగా ఉండగా ట్రిగ్గర్ నొక్కి హ్యామర్ కొట్టించే ముందు అమ్మే ఆయన్ని అడుగు, పేలని డమ్మీ రౌండ్లు వెంట తీసుకెళ్లు. సీజెడ్ 75లో ఫైరింగ్ పిన్‌ని (గుండు వెనక కొట్టి పేల్చే సూదిని) పట్టి ఉంచే చిన్న పిన్ను ఒట్టి దెబ్బలు ఎక్కువ తింటే విరుగుతుంది.

నల్లమందు

గ్లాక్‌కి సేఫ్టీ లేదనే మాట విని విని విసుగొచ్చింది. మూడున్నాయి. ట్రిగ్గర్ మధ్యలో చిన్న మీట, లోపల స్ట్రైకర్‌ని (హ్యామర్ బదులు స్ప్రింగుతో వెళ్లి గుండుని కొట్టే పిన్నుని) అడ్డుకునే ఫైరింగ్ పిన్ సేఫ్టీ, ఇంకొకటి కిందపడ్డప్పుడు పేలకుండా ఆపే డ్రాప్ సేఫ్టీ. ట్రిగ్గర్ నొక్కితే మూడూ వరసగా తప్పుకుంటాయి, వదిలితే మళ్లీ వాటంతటవే పడతాయి. 1982 నుంచీ ఇదే పద్ధతి. మొదటి గుండుకీ ఆఖరి గుండుకీ ట్రిగ్గర్ ఒక్కలాగే ఉంటుంది, సుమారు రెండున్నర కిలోల బరువు. కొత్తగా నేర్చుకునేవాడికి అంతకంటే ఏం కావాలి?

ఎడమవాటం

@నల్లమందు, కాదనను, కానీ ఆ మూడూ కిందపడ్డప్పుడు కాపాడేవి. ట్రిగ్గర్ మీదకి వేలు వెళ్లినా, చొక్కా అంచు ఇరుక్కున్నా అవి చేసేదేం లేదు, ఎందుకంటే వాటి దృష్టిలో అది కాల్చమని చెప్పడమే. పైగా గ్లాక్ విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి, చాంబర్ చూడకుండా ఆ పని చేసినవాళ్ల కథలు అందరం విన్నాం. స్మిత్ అండ్ వెసన్ వాళ్ల ఎం అండ్ పీ పిస్టల్ అయితే ట్రిగ్గర్ ముట్టకుండా విప్పొచ్చు, బొటనవేలి సేఫ్టీ ఉన్నవీ దొరుకుతాయి. స్ట్రైకర్ రకం కావాలి కానీ సేఫ్టీ లేదని టెన్షన్ అంటే దాన్ని కూడా చూడండి.

స్ట్రైకర్‌లోనే సిగ్ పీ320 ఎవరైనా చూపిస్తే ఒకటి అడగండి. కొన్ని కోణాల్లో కిందపడితే పేలుతోందని తేలాక 2017 ఆగస్టులో కంపెనీయే భాగాలు మార్చి ఇచ్చే కార్యక్రమం ప్రకటించింది. అంతకు ముందుదైతే మార్పించారా లేదా తెలియకుండా కొనొద్దు.

ఇక మీట ఎటు తిరుగుతుందన్నది ఎవరూ చెప్పలేదు, నా లెక్కలో సేఫ్టీ ఉందా లేదా అన్నదానికంటే అదే పెద్ద విషయం. 1911, సీజెడ్ 75లో మీట కిందికి నొక్కితే కాల్చడానికి సిద్ధం. బెరెట్టా 92ఎఫ్ఎస్‌లో మీట స్లైడ్ మీద ఉంటుంది, కిందికి నొక్కితే హ్యామర్ దిగి సేఫ్టీ పడుతుంది, పైకి లేపితేనే కాలుతుంది. అంటే సరిగ్గా రివర్స్. స్లైడ్ లాగేటప్పుడు చెయ్యి తగిలి అది తెలియకుండా కిందికి పోవడం కూడా ఉంటుంది, తర్వాత ట్రిగ్గర్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. ఒకటి అలవాటయ్యాక రెండోది కొంటే ఈ తేడా గుర్తుపెట్టుకుని కొనండి. నాలాంటి ఎడమచేతి వాళ్లకి బెరెట్టాలో మీట రెండువైపులా ఉండటం వరం, 75 బీకి ఎడమవైపే ఉంటుంది.

కొత్తచెయ్యి

ఇంత చెప్తారనుకోలేదు, థాంక్స్ అందరికీ. ఆ 'స్పెషల్' సీజెడ్ వదిలేస్తున్నాను. ఇప్పుడు మనసు పీ226కీ ఇంకో మామూలు 75 బీకీ మధ్య ఊగుతోంది. నేను కుడిచేతివాటమే. రెండిట్లో ట్రిగ్గర్ ఒకటే రకం కదా, మరి తేడా ఎక్కడ?

పాతఇనుము

రెండూ డబుల్ యాక్షన్ (ట్రిగ్గరే హ్యామర్‌ని ఎత్తి వదులుతుంది), సింగిల్ యాక్షన్ (ముందే ఎత్తి ఉన్నదాన్ని వదులుతుంది) కలిసినవే. హ్యామర్ దిగి ఉండగా మొదటి గుండుకి ట్రిగ్గర్ పొడుగ్గా, బరువుగా లాగాలి, పీ226లో అయితే నాలుగున్నర కిలోల దాకా. ఆ తర్వాతవి రెండు కిలోల చిల్లర. ఈ మార్పుకి చెయ్యి అలవాటుపడటానికి టైం పడుతుంది, అది రెండిట్లోనూ తప్పదు.

తేడా అంతా హ్యామర్ దించే దగ్గర. 75 బీలో డీకాకర్ లేదు, హ్యామర్ ఎక్కి ఉంటేనే సేఫ్టీ పడుతుంది. చాంబర్‌లో గుండు ఉండగా హ్యామర్ దించాలంటే బొటనవేలితో పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా వదలాలి. చెమట చేతులతో, చలికి కొంకర్లు పోయిన వేళ్లతో అది చేయడం నాకు నచ్చదు. పీ226లో మీట నొక్కితే అదే దించేస్తుంది, ట్రిగ్గర్ జోలికి పోనక్కర్లేదు. సీజెడ్ పట్టు చేతికి బాగా కుదిరితే, డీకాకర్ ఉన్న 75 బీడీ దొరుకుతుందేమో చూడు.

ఇంకొకటి, మొదటి డబుల్ యాక్షన్ గుండుకి నీ వేలు ట్రిగ్గర్‌ని సరిగ్గా అందుకుంటోందో లేదో చూసుకో. వేలి కొస మాత్రమే తగులుతుంటే లాగేటప్పుడు పిస్టల్ మూతి పక్కకి పోతుంది, అప్పుడు ఎంత మంచి పిస్టలైనా దండగ.

నల్లమందు

పీ226 చూడ్డానికి వెళ్తే స్లైడ్ విప్పి ఫైరింగ్ పిన్ బ్లాక్ (ట్రిగ్గర్ నొక్కితే తప్ప పిన్‌ని కదలనివ్వని అడ్డు) కూడా చెక్ చెయ్. వెనక నుంచి సన్నటి పుల్లతో పిన్‌ని నెడితే ముందువైపు కొన బయటికి రాకూడదు. కింద ఉన్న చిన్న బొడిపె నొక్కి పట్టుకుని నెడితే మాత్రం రావాలి. నొక్కకుండానే వచ్చేస్తుంటే ఎవరో దాన్ని పీకేశారనో, స్ప్రింగు పోయిందనో లెక్క.

అయినా గ్లాక్ ఒకసారి కాల్చి చూడు, అంతే చెప్తా.