సముద్రం లేని దేశం ఎగుమతులతోని బాగుపడుతదా, పడదా?

మిర్యాలగూడ మిల్లు:
మొన్న మిల్లు కాడ చాయ్ తాగుకుంట మొదలైన ముచ్చట ఇది, ఇంటికొచ్చినా తెగలే, అందుకే ఇక్కడ పెడుతున్న. ఐక్యరాజ్యసమితి లెక్కల సముద్రం లేని వర్ధమాన దేశాలు 32 ఉన్నయి, నేపాల్, ఇథియోపియా, మలావి, లావోస్ గిట్ల. వాళ్లకు అసలు అడ్డం రేవు లేకపోవుడే అని నేనంట. ఇక్కడ క్వింటాల్ మీద కిరాయి పది రూపాయలు పెరిగితేనే బేరం తప్పిపోతది. 2025 మార్చి 31న మన తెలంగాణ బియ్యం 12,500 టన్నులు కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్‌కు ఓడెక్కినయంటే, ఆ రేవుకు మనకు నడుమ కస్టమ్స్ గేటు లేదు కాబట్టే. అదే కాకినాడ వేరే దేశంల ఉంటే మన గతేంది?

పాలమూరు సార్:
అన్నా, నేను ఇథియోపియాల ఒక యూనివర్సిటీల నాలుగేండ్లు పాఠాలు చెప్పొచ్చిన, నీ మాట సగమే ఒప్పుకుంట. 1993ల ఎరిత్రియా విడిపోయినంక ఇథియోపియాకు తీరం పోయింది, సరుకు దాదాపంతా పక్కదేశం జిబౌటి రేవు మీదికెళ్లే పోవాలె, నిజమే. 2016ల అడిస్ అబాబా నుంచి జిబౌటికి సుమారు 750 కిలోమీటర్ల కరెంటు రైలు మార్గం కూడ తెరిచిండ్రు. రైలొచ్చినా కాఫీ వ్యాపారుల గోస తీరలే. ఎందుకంటే గోస రోడ్డు మీద లేకుండె, బ్యాంకుల ఉండె.

నేను కిరాయికున్న ఇంటి ఓనర్ కాఫీ వ్యాపారి. ఎనుక షెడ్డుల ఆడోళ్లు వరుసగ కూసొని నల్లగింజ, పురుగు గింజ ఏరేటోళ్లు, మన కాడ చింతపండు గింజ తీసినట్టు, పొద్దుగూకే దాక. అంత కష్టపడి అమ్మితే వచ్చిన డాలర్లల ఎక్కువ భాగం సర్కారు రేటుకు బ్యాంకుకు అప్పజెప్పాల్సొచ్చేది, బయట చూస్తే డాలర్ రేటు దానికన్న ఎంతో ఎక్కువ ఉండేది, మళ్ల మిషన్‌కు ఒక స్పేర్ పార్టు తెప్పియ్యాలంటే డాలర్ల కోసం నెలల తరబడి అదే బ్యాంకు చుట్టు తిరగాల్సొచ్చేది. అందుకే కొందరు కాఫీని నష్టానికి అమ్మి, చేతిలకొచ్చిన కొన్ని డాలర్లతోని దిగుమతి సరుకు తెచ్చి దాని మీద లాభం తీసేటోళ్లు. ఒక్క కాఫీ మీదనే బతికేటోడు వాళ్లతోని ఎట్ల పోటీ పడుతడు చెప్పు? 2024 జూలైల వాళ్ల పైసలు బిర్రు రేటును మార్కెట్‌కు వదిలిండ్రు, కానీ అన్నేండ్లు నష్టపోయినోళ్లకు ఎవరిస్తరు.

ఇంకో మాట, అదే దేశం గులాబీలను విమానంల నెదర్లాండ్స్‌కు పంపుతది. గులాబీకి ఓడతోని పనిలేదు, కూల్ రూమ్, విమానం, టైముకు కాయితం ఉంటే చాలు.

చౌటుప్పల్ అక్క:
సార్, అందరు గులాబీలు అమ్మలేరు కదా. సిమెంటు, బియ్యం, నూనె విమానంల పోవు. నేపాల్ సంగతి యాద్ చేసుకోండ్రి. 2015 సెప్టెంబర్‌ల కొత్త రాజ్యాంగం వచ్చినంక బార్డర్ కాడ ఐదు నెలల దాక సరుకు ఆగింది. భారతదేశమే ఆపిందని వాళ్లు, ఆ రాజ్యాంగం నచ్చని మధేశీల (మన బార్డర్ పక్క నేపాల్ మైదానంల ఉండేటోళ్లు) ధర్నా వల్ల ఆగిందని మనోళ్లు. ఎవరు ఆపినా గ్యాస్ బండ లేక కట్టెల పొయ్యి మీద వండుకున్నది అక్కడి ఆడోళ్లే. వాళ్ల సముద్రపు సరుకు అప్పటిదాక కలకత్తా రేవు మీదనే నడిచింది, బార్డర్ మీదున్న నేపాల్ టౌన్ బీర్‌గంజ్‌కు అక్కడినుంచి సుమారు 700 కిలోమీటర్లు. తర్వాత విశాఖపట్నం కూడ వాడుకోనిచ్చిండ్రు. మన ఇంటికి తొవ్వ పక్కోని పెరట్లకెళ్లి ఉంటే వానితోని పంచాయితీ పడలేం, అదే అసలు భయం. దూరం కన్న గదే పెద్దది.

మిర్యాలగూడ మిల్లు:
అక్క చెప్పింది నా మాటకు దగ్గర. కానీ సార్ రాసింది చదివినంక రాత్రంత ఒకటే ఆలోచన, ఎందుకంటే నాకు దెబ్బ తగిలింది రేవు కాడ కాదు.

2023 జూలై 20న తెల్ల బియ్యం ఎగుమతి బంద్ పెట్టిండ్రు. మాది బాయిల్డ్ బియ్యం, మాకేం కాదనుకున్నం. నెల తిరిగిందో లేదో ఆగస్టు 25న దాని మీద 20 శాతం డ్యూటీ ఏసిండ్రు. అప్పటికే ఒక ఏజెంటుతోని రేటు మాట్లాడుకున్న, వడ్లు కొన్న, ఉడకబెట్టిన, సార్టెక్స్ మిషన్ల ఆడించి రంగు మారిన గింజ తీయించిన, బస్తాల మీద అచ్చు కూడ పడ్డది. ఆ రేటుకు వద్దన్నడు ఏజెంటు. గోదాంల ఆ బస్తాలు చూస్తే కడుపు మండేది, కొన్నిటి అచ్చు ఇంకా ఆరలే. ఆ బస్తాలన్ని విప్పి, వేరే బస్తాలల్ల నింపి లోకల్‌ల తక్కువకు తోలిన. డ్యూటీ పూర్తిగ తీసేసే వరకు 2024 అక్టోబర్ అయింది. కాకినాడ తొవ్వ ఎక్కడికీ పోలే, అక్కడనే ఉండె.

దేశంల బియ్యం ధర పెరగొద్దని చేసిండ్రు, తినేటోని బాధ నాకూ తెలుసు. ఒక నెల ముందు చెప్పినా, అప్పటికే కుదిరిన ఒప్పందాలన్నిటినీ డ్యూటీ లేకుంట వదిలినా ఆ లాట్ ఓడెక్కేది.

నకిరేకల్ బత్తాయి:
సార్, మీరు కూల్ రూమ్ అన్నరు. మా బత్తాయి లారీల ఢిల్లీ దాక పోవాలె, ఎండకాలం తొవ్వల కాయ మెత్తబడుతది, కొనేటోడు రేటు కోస్తడు. ఇథియోపియాల ఆ కూల్ రూములు ఎవరు కట్టిండ్రు, రైతులా సర్కారా?

పాలమూరు సార్:
తమ్మీ, ఎక్కువ పెట్టుబడి బయటి కంపెనీలది, మనోళ్ల కంపెనీలు కూడ ఉన్నయి. సర్కారు భూమి లీజుకిచ్చింది, అప్పిచ్చింది, విమానం వాళ్ల సొంత ఎయిర్‌లైన్స్‌ది. రైతు మాత్రం ఆ ఫారంల కూలికి పోతడు. ఆ సంగతి రేపు వేరేగ రాస్త, దానికి చానా సేపు పడుతది.