సమస్యాపూరణం: సైకిలు గొలుసుఁ దెంపెను సాంబశివుఁడు

నిర్వాహకుడు: ఈ వారం ఛందస్సు తేటగీతి. ఇచ్చినది నాలుగో పాదం:

*సైకిలు గొలుసుఁ దెంపెను సాంబశివుఁడు*

కైలాసవాసికి సైకిలుతో పనేమిటి? సమస్యలోని చిక్కు అదే. విప్పుకోవడం మీ ఇష్టం. సినిమా దారినే వెళ్లాలన్న నియమం లేదు. అయినా పాదం చదవగానే మీలో చాలామందికి 1989 అక్టోబరు 5న విడుదలైన 'శివ' గుర్తొచ్చి ఉంటుంది. నేను పేరు చెప్పకపోయినా గుర్తొచ్చేదే. కథానాయకుడు సైకిలు గొలుసు తెంచి కొట్లాటకు దిగే, ముప్పయ్యారేళ్లు దాటిన ఆ దృశ్యం పద్యపాదంలో వివరణ లేకుండా ఇమిడిపోతోందంటే, అది పురాణ ప్రసంగమంత పరిచితమైందన్నమాట. 'గోవర్ధనమెత్తె' అంటే ఎవరని అడగం కదా!

బెజవాడ మిత్రులు: నిర్వాహకులకు నమస్కారం. మా ఊరి పూరణ ముందు రావాలి. 'శివ' దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ సివిల్ ఇంజనీరింగు చదివింది ఇక్కడి సిద్ధార్థ కళాశాలలోనే.

*వెండితెరపైన వెలిగిన వీరుఁ డతఁడు*
*పేరు శివుఁడట మూఁకలు పేర్చి రాఁగఁ*
*జేత నాయుధ మేమియుఁ జిక్కకున్న*
*సైకిలు గొలుసుఁ దెంపెను సాంబశివుఁడు*

నిర్వాహకుడు: ధార బాగుంది. 'రాఁగఁ' తరువాత 'చేత'ను 'జేత' అని మార్చి సరళాదేశం పాటించారు, యతీ చెడలేదు. మూడో పాదమే ఈ పద్యానికి ప్రాణం. అంతకు ముందు మన కథానాయకుడు కొడితే పదిమంది గాలిలో ఎగిరేవారు, ఆయుధం అవసరం ఉండేది కాదు. ఇక్కడ చేతికి ఏమీ దొరకని కుర్రవాడు పక్కనున్న సైకిలు వైపు వంగాడు. ఆ వంగడాన్నే జనం నమ్మారు. ఒక్క లోపం: రెండో పాదంలో 'శివుఁడు' అని, చివర 'సాంబశివుఁడు' అన్నారు. మధ్యలో ఆ 'సాంబ' (స + అంబ, అంటే అమ్మవారితో కూడిన) ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేదు.

రాజమహేంద్రవరం పెద్దలు: 'సైకిలు' అన్యదేశ్యం. 'ద్విచక్రి' అని పెట్టి పాదం మార్చి ఉంటే భాషకు గౌరవంగా ఉండేది కదా, నాయనా?

నిర్వాహకుడు: మాస్టారూ, మీ మాట కాదనడానికి సంకోచంగానే ఉంది. కానీ 'ద్విచక్రి గొలుసు' అంటే ఎవరి మనసులోనూ ఏ బొమ్మా కదలదు. 'సైకిలు' మన పల్లెల్లో తాతలనాడే తెలుగైపోయింది. ఈ పాదానికి బలమంతా ఆ మాటలోనే ఉంది. దాన్ని వదులుకోలేను.

తెనాలి సోదరుడు: మా నాన్నగారికి సైకిలు దుకాణం ఉండేది. నా పూరణలో సినిమా లేదు.

*తుప్పు పట్టిన లంకెలు తొలఁగఁ జేయ*
*పాత బండిని బోర్లించి పనికిఁ దొడఁగి*
*చిన్న సుత్తియు మేకునుఁ జేతఁ బట్టి*
*సైకిలు గొలుసుఁ దెంపెను సాంబశివుఁడు*

గొలుసు చేత్తో తెగదండీ. ప్రతి లంకెకూ పిన్ను ఉంటుంది, పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం దూరం. మేకు ఆనించి సుత్తితో కొడితే గాని ఆ పిన్ను బయటికి రాదు. ఆ సినిమా వచ్చాక దుకాణానికి వచ్చిన ప్రతి కుర్రవాడూ గొలుసు పట్టుకుని ఒకసారి లాగి చూసేవాడు. నాన్న కసురుకునేవారు. చేతులకు గ్రీజు అంటుకోవడం తప్ప ఒక్కరికీ తెగలేదు.

నిర్వాహకుడు: తమ్ముడూ, ఈ వారం నాకు మిక్కిలి నచ్చిన పూరణ ఇదే. దేవుణ్నీ కథానాయకుణ్నీ పక్కన పెట్టి, పని తెలిసిన మనిషికి గొలుసు అప్పగించావు. సమస్యలోని విడ్డూరం పూర్తిగా తొలగిపోయింది. ఒక సవరణ: మొదటి పాదం చివరి 'జేయ' ద్రుతాంతం (చివర నకారం చేరే పదం) కాబట్టి రెండో పాదం 'బాత బండిని' అని మొదలుకావాలి. బా–ప యతి చెల్లుతుంది, భయం లేదు.

తెగని గొలుసు తెరమీద తెగినట్టు నమ్మించిన ఘనత శబ్దానిది కూడా. అందుకే తరువాతి పూరణ ముందు పెడుతున్నాను.

చెన్నై మిత్రులు: ఇక్కడ ఈ చిత్రం 'ఉదయం' పేరుతో తమిళంలోకి అనువాదమై బాగా ఆడింది. నేను మొదట చూసింది అలాగే.

*పాత బాటల సంకెళ్లు పగులఁ గొట్టి*
*చిత్రసీమకుఁ గొత్తగాఁ జెవులు దెఱచె*
*కంటఁ గనువారు వినిరట గలగలలను*
*సైకిలు గొలుసుఁ దెంపెను సాంబశివుఁడు*

నిర్వాహకుడు: రెండో పాదానికి చేతులెత్తి మొక్కుతున్నాను. ఎస్. గోపాలరెడ్డి గారి ఛాయాగ్రహణం, స్టెడీకామ్ (కెమెరాను కుదుపు లేకుండా మోసే సాధనం) పరుగుల గురించి అందరూ చెబుతారు. ఇళయరాజా గారి సంగీతం ఎక్కడ ఆగిందో, ఆ ఆగినచోట అడుగుల చప్పుడు ఎలా వినిపించిందో చెప్పేవారు తక్కువ. మీరు 'చెవులు దెఱచె' అన్నారు. అయితే మూడో పాదం 'వినిరట' దగ్గర వాక్యం తెగిపోయి, నాలుగోది విడిగా నిలబడింది. ఇలా మార్చి చూడండి: *కంటఁ గనువారు చెవి నొగ్గి గలగల విన*. అప్పుడు అన్వయం చివరిదాకా సాగుతుంది.

వరంగల్లు మిత్రులు: 'సాంబ' శబ్దానికి నా సమర్థన:

*ఆశ మనమున నిలిచిన యంతనుండి*
*సాంబుఁ డనుపేరు శివునకుఁ జక్క నొప్పె*
*చదువు గుడియందు నల్లరి జనులఁ దఱుమ*
*సైకిలు గొలుసుఁ దెంపెను సాంబశివుఁడు*

రాజమహేంద్రవరం పెద్దలు: సాంబుడంటే జాంబవతి కొడుకు కూడా. జాగ్రత్త!

నిర్వాహకుడు: 'శివునకు' అని పక్కనే ఉంది కాబట్టి ఆ సందేహం నిలవదు మాస్టారూ. అమల గారి పాత్ర పేరు 'ఆశ' కావడం పట్టుకుని శ్లేష కట్టడం చక్కని ఊహ. గొలుసు తెంచే నాటికి వారికి పెళ్లి కాలేదని ఎవరైనా ఆక్షేపిస్తారేమో. కవి 'మనమున' అన్నారు, సరిపోయింది.

కాకినాడ అక్కయ్యగారు: మీ అందరి పద్యాలూ చదివాను. నాకు సమస్యతోనే పేచీ ఉంది.

*పసిది ముందరఁ గూర్చుండ భయము తోడ*
*సందు గొందుల నురికిన సైకి లొకటె*
*మదిని నిలిచెను నాకు. నీ మాట యేల*
*'సైకిలు గొలుసుఁ దెంపెను సాంబశివుఁడు'?*

ఒక సైకిలు గొలుసుతో మొదలైన పగ, మరో సైకిలు మీద కూర్చున్న, కథానాయకుడి అన్న కూతురి దాకా వచ్చింది. ఆ పాప చివరికి దక్కలేదు. గొలుసు పట్టుకున్న భంగిమను అనుకరించిన సినిమాలు ఎన్నో వచ్చాయి. ఆ పాప కళ్లలోని బెదురును ఎన్ని పట్టుకున్నాయి?

నిర్వాహకుడు: అక్కయ్యగారూ, ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మీ పద్యం చదివాక నేనిచ్చిన పాదమే నాకు కొంచెం తేలికగా కనబడుతోంది. 'శివ' తరువాత కళాశాల గొడవల సినిమాలు వరసకట్టాయి. వాటిలో చాలావరకు గొలుసును తీసుకుని మూల్యాన్ని వదిలేశాయి. ఆ సినిమాలో దెబ్బ తిన్న ఇల్లు ఉంది, పోయిన స్నేహితుడు ఉన్నాడు. సమస్యాపాదాన్ని ఎదిరించి, దాన్ని పరుల మాటగా ఉటంకించడం మన పూరణ సంప్రదాయంలో చెల్లిన పద్ధతే. మూడో పాదంలో 'నీ మాట' అన్నది 'ఈ మాట' గానూ 'నీ మాట' గానూ పలుకుతోంది. రెండో అర్థం నాకే తగిలింది. స్వీకరిస్తున్నాను.

బెజవాడ మిత్రులు: ఆ సినిమాలో 'జె.డి.' అనే పాత్ర పేరు, దాన్ని పోషించిన చక్రవర్తి గారి పేరులో ఈనాటికీ నిలిచిపోయింది. దానిమీద ఒక సమస్య ఇస్తారా?

నిర్వాహకుడు: దానికంటే ముందు ఆ సినిమా ప్రతినాయకుడు భవానికి బాకీ ఉన్నాం. కేకలు వేసే ప్రతినాయకులకు అలవాటుపడిన మనకు రఘువరన్ గారు గొంతు పెంచకుండా వెన్నులో వణుకు పుట్టించారు. నిరుడు నవంబరులో ఈ చిత్రాన్ని 4కె రూపంలో మళ్లీ విడుదల చేసినప్పుడు పిల్లలతో వెళ్లాను. భవాని తెరమీద ఊరికే కూర్చున్నంతసేపూ మావాడు నా చెయ్యి వదల్లేదు. కాబట్టి వచ్చే వారం సమస్య కందంలో:

*మౌనమ్మే బెదురు గొలుప మాటలు వలెనా*

ప్రాస నకారం. ఆరో గణం నలమే (నాలుగు లఘువులు) పడింది, సరిచూసుకోండి. పూరణలు శనివారం రాత్రిలోగా అందాలి. తెనాలి తమ్ముడు కందం ఇంతవరకు రాయలేదన్నాడు. రాజమహేంద్రవరం మాస్టారు దయచేసి నడక చూపించండి.