మసకబారిన హెడ్‌లైట్ డూములు: ఇంటికాడ రుద్దుకుంటే నిలుస్తాయా?

కావలి_కారు:
2014 మోడల్ చిన్న కారు. రెండు డూములూ (లైటు మీది పారదర్శక మూతలు) పచ్చబడి, పైసగం పాలు పోసినట్టున్నాయి. రాత్రిపూట హైవే మీద లో బీమ్ ఆనడంలా. టూత్‌పేస్టుతో రుద్దితే తేటపడ్డాయి గానీ నెల తిరక్కముందే మళ్లీ అంతే. కొత్తవి మార్చకుండా చేసుకోవాలంటే ఏ నంబరు గరుకు పేపరుతో మొదలుపెట్టాలి? పైన లక్కరు (పారదర్శక పూత) తప్పనిసరా?

ఒంగోలు_పెయింట్స్:
పేపరు కొనేముందు డూమ్ మీద నీళ్లు చల్లి చూడు తమ్ముడూ. తడిగా ఉన్నంతసేపూ తేటగా కనిపిస్తే మసకంతా పైనే, రుద్దితే పోద్ది. తడిసినా అట్టనే ఉంటే మసక లోపల పట్టినట్టు, లేదా బల్బు వెనకుండే అద్దంలాంటి గిన్నె, అదే రిఫ్లెక్టర్, మాడినట్టు. దానికి బయట ఎంత రుద్దినా దండగ.

డూమ్ గాజు కాదు, పాలికార్బొనేట్. ఎండను తట్టుకోడానికి కంపెనీ దానిమీద గట్టి పూత వేసి ఇస్తది. ఏళ్ల తరబడి ఎండలో నిలబెడితే ఆ పూత చచ్చి పొరలుగా లేస్తది. పేస్టు దాన్ని పైపైన మెరిపిస్తదే గానీ తియ్యలేదు.

షాంపూతో కడిగి, చుట్టూ బానెట్, బంపర్ అంచులకి మాస్కింగ్ టేపు రెండు వరసలు వెయ్యి. పూత లేస్తా ఉంటే 400 వాటర్ పేపరు, ఉత్త పసుపే అయితే 600 చాలు. పాత హవాయి చెప్పు ముక్క కోసి దానికి పేపరు చుట్టు, వంపులకి బాగా ఒదుగుద్ది. ఉత్త వేళ్లతో రుద్దితే గాడులు పడతాయి. బక్కెట్ నీళ్లలో రెండు చుక్కలు షాంపూ వేసుకుని, పేపరు ఎండకుండా రుద్దాలి.

మొదట కారే నీళ్లు పచ్చగా, జిడ్డుగా ఉంటాయి. తెల్లటి నీళ్లు కారేదాకా 400 వదలొద్దు. అందరూ తొందరపడేది ఇక్కడే. కింది మూలల్లో పాత పూత మిగిలితే ఎన్ని నంబర్లు మార్చినా ఆ పసుపు గీత పోదు. తర్వాత 800, 1000. ఒకటి అడ్డంగా రుద్దితే రెండోది నిలువుగా రుద్దు, పాత గీతలు మిగిలుంటే కనపడతాయి. నంబరు మారినప్పుడల్లా నీళ్లు కూడా మార్చాలి.

నెల్లూరు_డీటెయిలింగ్:
పై లెక్క లక్కరు కొట్టేవాళ్లకి. వాళ్లు 1000 దగ్గర ఆగాల్సిందే, ఇంకా నునుపు చేస్తే లక్కరు పట్టు దొరక్క రేకులుగా ఊడుద్ది. డూమ్ తెల్లగా గీరుకుపోయినట్టు కనిపిస్తది, భయపడొద్దు, లక్కరు ఆ గీతల్ని నింపేస్తది.

లక్కరు లేకుండా సీలెంట్ (మైనంలా పూసే రక్షణ పొర) పూసుకునేవాళ్లు 2000, 3000 దాకా వెళ్లి కాంపౌండు పేస్టుతో పాలిష్ చెయ్యాలి. డ్రిల్లుకి ఫోమ్ ప్యాడ్ బిగిస్తే స్పీడు తగ్గించి, ఒకేచోట ఆపకుండా తిప్పండి. వేడెక్కితే ప్లాస్టిక్ మెత్తబడి మచ్చ పడుద్ది, అది మళ్లీ పోదు. సీలెంట్ కొన్ని నెలలకోసారి వెయ్యాల్సిందే. నా ఓటు లక్కరుకే.

కావలి_కారు:
నీళ్ల పరీక్ష చేశానన్నా, తేటగానే ఉంది. ఒక మూల మాత్రం వెంట్రుకల్లాంటి సన్న పగుళ్లున్నాయి. లక్కరు ఏది తీసుకోవాలి, ఎప్పుడు కొట్టాలి?

ఒంగోలు_పెయింట్స్:
ఆ పగుళ్లు ప్లాస్టిక్ లోపలికి దిగినవి, పేపరుకి పోవు. థిన్నరు, పెట్రోలు పెట్టి తుడిస్తే ఇంకా పెరుగుతాయి. దోమల క్రీము రాస్తే మెరుస్తదని వీడియోల్లో చూపించేదీ అంతే, పైపొర కరిగి మెరుస్తది, పదిరోజులకి మొదటికొస్తది.

హార్డనర్ (గట్టిపరిచే మందు) కలిసే టూకే క్లియర్ లక్కరు, డబ్బా మీద యూవీ (ఎండ తట్టుకునేది) అని ఉన్నదే తీసుకో. మామూలు స్ప్రే లక్కరు మన ఎండలకి ఆగదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక ఇంక వేలు పెట్టొద్దు. జానెడు దూరం నుంచి ముందు పలచగా ఒక పూత, పది నిమిషాలు ఆగి తడి మెరిసేలా రెండు పూతలు. ఒకేసారి దట్టంగా కొడితే కారుద్ది. హార్డనర్ కలిపిన డబ్బా దాచిపెడితే గట్టిపడిపోద్ది కాబట్టి రెండు లైట్లూ ఒకేరోజు కానిచ్చెయ్. ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు, గుడ్డ కట్టుకుంటే చాలదు, కార్బన్ ఫిల్టర్ మాస్కు పెట్టుకుని ఆరుబయట కొట్టు.

పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందు నీడలో కొట్టు. మిట్టమధ్యాహ్నం కొడితే లక్కరు గాల్లోనే ఆరి గరుగ్గా పడుద్ది, సాయంత్రం సముద్రపు గాలికి దుమ్ము అంటుకుంటది. అక్టోబరు, నవంబరు వానల్లో అసలు పెట్టుకోవద్దు.

నెల్లూరు_డీటెయిలింగ్:
టేపుని, లక్కరు పూర్తిగా గట్టిపడకముందే మెల్లగా లాగండి, లేకపోతే అంచు చిరుగుద్ది. ఒకరోజు నీళ్లు తగలనివ్వొద్దు. హెచ్4 (హై, లో బీమ్ రెండూ ఒకే బల్బులో ఉండే రకం) హోల్డర్లో 100/90 వాట్ల బల్బులుంటే తీసి 60/55 వెయ్యండి, ఆ వేడికి రిఫ్లెక్టర్ మాడితే పైన ఎంత రుద్దినా వెలుతురు పెరగదు.