రైనాకు విడి కుటుంబం ఉండాలా, రింకోబేటస్‌లతో కలపాలా?

సముద్రజీవి:
రైనా ఆంకిలోస్టోమస్ అనే గిటారు చేపకు బ్లాక్, ష్నైడర్ 1801లో ఆ పేరు పెట్టారు. నమూనా మన కోరమాండల్ తీరానిదే. చాలాకాలం రైనిడే కుటుంబంలో ఇదొక్కటే ఉండేది. ఇటీవలి వర్గీకరణల్లో రింకోబేటస్‌లనూ (మొనదేలిన మూతి ఉన్న గిటారు చేపల ప్రజాతి) అందులోకి తెచ్చారు. ఇది నాకు సమ్మతం కాదు. ఆ తల చూడండి: వెడల్పుగా, గుండ్రంగా ఉన్న ముట్టె, కళ్ల పైనా భుజాల మీదా మొద్దు ముళ్ల గట్లు. దవడల్లో పళ్ల పలక అలల్లా ఎత్తుపల్లాలుగా ఉంటుంది, పీతల్నీ గుల్లల్నీ నలిపేస్తుంది. రింకోబేటస్ మూతి మొనదేలి ఉంటుంది. ఇన్ని తేడాలున్నా ఒకే కుటుంబమా?

రేవుబాట:
తల దగ్గరే ఆగిపోకండి, తోక దాకా రండి. మామూలు గిటారు చేపల్లో వీపు మీది రెండు వాజాలూ బాగా వెనక, తోక మీద ఉంటాయి. రైనాలోనూ రింకోబేటస్‌లోనూ మొదటి వాజం ముందుకు జరిగి శ్రోణి వాజాల (వెనక జత వాజాల) పైకి వస్తుంది. తోక వాజానికి సొర చేపకున్నట్టు కింది కొమ్మ స్పష్టంగా ఉంటుంది. ఈ రెండూ ఒక మూలం నుంచి వచ్చినవే.

ఇక 2016లో పశ్చిమాఫ్రికాలోని మౌరిటానియా తీరం నుంచి వర్ణించిన రింకోరైనా అనే చేప సంగతి. దాని ముట్టె రైనాలా గుండ్రన, ఒళ్లు రింకోబేటస్‌ది, డీఎన్ఏ కూడా రింకోబేటస్ పక్కకే చేర్చింది. ముట్టె ఆకారాన్ని నమ్మి కుటుంబాలు విడదీస్తే దీన్ని ఎక్కడ పెడతారు?

కొత్తసభ్యుడు:
అడ్డు వస్తున్నందుకు క్షమించండి. ఫోటోలో అచ్చం సొరలా ఉంది. టేకు చేపల్లో ఎందుకు చేర్చారు?

రేవుబాట:
మొప్ప చీలికలు చూడండి. సొరకు పక్కల ఉంటాయి, దీనికి పొట్ట వైపున. ముందు వాజాలు తలతో కలిసిపోయి ఉంటాయి. తోకతో ఈదడం వల్ల సొరలా కనిపిస్తుంది గానీ, దగ్గరి బంధువుల్లో రంపపు చేపలు ఉన్నాయి.

సముద్రజీవి:
రింకోరైనా గురించి మీరు చెప్పింది బలమైన మాటే, కాదనను. కానీ డీఎన్ఏ దగ్గరితనం చూపుతుంది తప్ప, కుటుంబం హద్దు ఎక్కడ గీయాలో చెప్పదు. అది మన నిర్ణయం. రైనా ఒక కుటుంబం, మిగతా రెండూ పక్క కుటుంబం అంటే వంశవృక్షానికి వచ్చే నష్టమేమీ లేదు.

రేవుబాట:
నష్టం లేదు, నిజమే. లాభం ఏమిటో చెప్పండి. ఒక్క జాతి కోసం ఒక కుటుంబం పెడితే, దాని బంధువు ఎవరో ఆ పేరు చూసి తెలియదు. 2019లో వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చినప్పుడు రైనిడేను కుటుంబంగానే చేర్చారు. ఎండబెట్టి కోసిన వాజాలను చూసి జాతిని గుర్తించడం కష్టం, అందుకే కుటుంబం పేరు పనికొస్తుంది. ఆ ఏడాదే ఈ చేపల్లో, పెద్ద గిటారు చేపల్లో కలిపి 16 జాతులకు 15 అత్యంత ప్రమాదంలో ఉన్నాయని ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ తేల్చింది.

సముద్రజీవి:
రక్షణ కోసం వర్గీకరణను వంచడానికి నేను ఒప్పుకోను. కుటుంబాలు రెండైతే చట్టంలో రెండు పేర్లూ రాసుకోవచ్చు.

రేవుబాట:
వంచమని అనలేదు. వాజాలు, తోక, డీఎన్ఏ మూడూ ఒకే మాట చెబుతున్నాయి, రక్షణ సంగతి ఆ తర్వాతిది. మీ వైపు తల ఒక్కటే ఉంది. ఆ తలకు సాక్ష్యంగా మృదులాస్థి నుంచో కండరాల నుంచో ఇంకొకటి చూపించండి, మళ్లీ ఆలోచిస్తాను.